రాకాసి ఆల్చిప్ప

పోయినవారం వంటింటి బల్ల దగ్గర ఆగాం. బల్ల మీద సగం కోసిన రొట్టె, ఉప్పులో ఊరిన సార్డైన్ చేపల పళ్ళెం, ఆ రెంటి మధ్య అరచేతిలో ఇమిడే ఒక బుల్లి గేమ్ యంత్రం. బల్లకి ఇవతల నేను, వింకాని. అవతల, "నేనే నీ అన్నయ్యని" అంటూ అయిదు వారాల కిందట రేవులో దిగిన మనిషి.

కథ తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నాకు లేని గుణం అది, మీకైనా ఉండాలి. ముప్పై రెండేళ్ళ కిందట మా అన్నయ్య టోన్చి, పక్కింటి స్టీపే, ఇద్దరూ పధ్నాలుగేళ్ళ వాళ్ళు, చెప్పాపెట్టకుండా చిన్న తెడ్ల పడవ వేసుకుని ద్వీపం వైపు వెళ్ళారు. పడవ బోర్లాపడి దొరికింది. పిల్లలు దొరకలేదు. ఇప్పుడొచ్చిన ఈ మనిషి చెప్పేదేమిటంటే, ఆ రోజు స్టీపే మునిగిపోయాడట, తను బతికి ఒడ్డుకి చేరాడట, పక్కింటి పిల్లాణ్ణి పోగొట్టుకుని నాన్నకి మొహం చూపించలేక పడమటి తీరానికి పారిపోయి ఇన్నాళ్ళూ గనుల్లో బతికాడట.

నాన్న నమ్మాడు. రేవులో వాణ్ణి చూసిన వెంటనే తెరచాప గుడ్డలాగా మీద పడిపోయాడు. ఎనభై ఒకటో ఏట దొరికిన కొడుకు ఆయనకి. నేను మాత్రం నమ్మలేదు. ఎరచేపల అంగడి నడిపేదాన్ని, పొద్దున్నే పట్టినదేదో నిన్నటిదేదో కళ్ళు చూసి చెప్పగలను. ఈ మనిషి కళ్ళలో ఏదో నిలవ వాసన. రక్తపరీక్ష చేయిద్దామంటే నాన్న చెంచా కింద పెట్టి, "ఆ మాట ఎత్తినవాళ్ళు నా బల్ల దగ్గర తినక్కర్లేదు" అన్నాడు. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది.

ఇక ఉన్నది ఆదివారం. మా ఆస్ట్రేలియా ఊరు పోర్ట్ లింకన్‌లో పడవలకి ఆశీర్వాదం చేసే రోజు. మా క్రొయేషియన్ల పడవలన్నీ రంగుల జెండాలు కట్టుకుని రేవులో వరసగా నిలబడతాయి. ఫాదర్ సముద్రం తీసుకున్న వాళ్ళ పేర్లు చదువుతారు. తర్వాత ముసలివాళ్ళు తమ పడవ గంట తాడుని వారసుడి చేతికిస్తారు, వాడు ఒక్కసారి మోగిస్తే చాలు, పడవ వాడిదైనట్టే. మా పడవ లూత్సియా గంట ముప్పై రెండేళ్ళుగా మోగలేదు. నాన్న వెళ్ళి చదివే పేర్లలోంచి టోన్చి పేరు తీసేయించి వచ్చాడు. స్టీపే పేరు ఉంచాడు. పడవ పోతే పోయింది, నాకు దాని మీద ఆశలేదు. కానీ ఎవడో దారినపోయే వాడి చేతికి గంట తాడిచ్చి, మా అన్నయ్యని చచ్చినవాళ్ళలోంచి కూడా కొట్టేస్తారా? ఆదివారంలోపు తాడో పేడో తేలాలి అనుకున్నాను.

అందుకే ఈ యంత్రం. మా చిన్నప్పుడు నాన్న అడిలైడ్ నుంచి తెచ్చిన టీవీ గేమ్‌లో ఒకే ఒక్క ఆట ఉండేది, డీప్ బెల్. ఈతగాడు సముద్రం అడుక్కి దిగి మునిగిన ఓడల గంటలు ఏరుకొచ్చే ఆట. ఊళ్ళో ఇంకెవరింట్లోనూ లేదు. రెండు రిమోట్లలో ఒకదాన్ని కుక్క నమిలేసింది, మిగిలిన ఒక్కదాన్నే ఇద్దరం పట్టుకుని ఆడేవాళ్ళం. ఎడమవైపు దిక్కులు నావి, కుడివైపు బటన్లు అన్నయ్యవి. నేను ఈదించేదాన్ని, వాడు తన్నించేవాడు. నేను శనివారం అమ్మతో చర్చి తుడవడానికి వెళితే నా చోట స్టీపే కూర్చునేవాడు. తండ్రి లేని పిల్లాడు, తల్లికి ఫ్యాక్టరీలో రాత్రి పని, వాడి తిండీ ఆటా మా ఇంట్లోనే సాగేవి.

"ఇదేంటో తెలుసా మీకు?" అన్నాను యంత్రం ముందుకి తోసి. అయిదు వారాలుగా అతన్ని 'మీరు' అనే అంటున్నాను. కావాలనే.

అతను తెర వైపు వంగి చూశాడు. పాట మొదలైంది. మొహంలో ఏదో కదిలింది.

"డీప్ బెల్. దీన్ని ఇంత చిన్నది చేసేశారా?"

"ఇలాంటివి వందలు పడతాయట ఇందులో. మాటలెందుకు, ఆడండి. నాలుగో అంతస్తు. ఆల్చిప్పని దాటండి."

రాకాసి ఆల్చిప్ప. ఆ ఆట ఆడినవాళ్ళకి దాని గురించి చెప్పక్కర్లేదు, ఆడనివాళ్ళకి ఇంత చాలు. ఆల్చిప్ప నోరు తెరుస్తుంది, మూడు గంటలు మోగుతాయి. రెండో గంటకి లోపలికి దూరాలి, మూడోది మోగేలోపు పైకి తన్నుకోవాలి. లేదంటే నోరు మూసుకుంటుంది, ఈతగాడి తొడుగు మాత్రం బయటికి తేలుతుంది. టోన్చి ఆ తన్ను ఒక్కసారి కూడా తప్పలేదు. వీధి పిల్లలు చూడ్డానికి వచ్చేవాళ్ళు.

యంత్రాన్ని సిద్ధం చేసిచ్చిన నా స్నేహితురాలు గ్లెనిస్ ఆటని సరిగ్గా ఆల్చిప్ప ముందు ఆపి పెట్టింది. చచ్చినా అక్కడినుంచే మళ్ళీ మొదలవుతుంది. మా రోజుల్లో ఈ సుఖం లేదు, చస్తే మొదటికి పోవాల్సిందే.

అతను ఆడాడు. చచ్చాడు. మళ్ళీ ఆడాడు, మళ్ళీ చచ్చాడు. ఎడమ బొటనవేలు తడుముకోకుండా తిరుగుతోంది, కుడిది మాత్రం బటన్‌ని పొడుస్తోంది. ప్రతిసారీ రెప్పపాటు ఆలస్యం. నోరు మూసుకున్నాక తన్నేవాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఈతగాడి తొడుగులు ఒకదాని వెనక ఒకటి పైకి తేలుతూనే ఉన్నాయి.

"చాలు," అన్నాను. "పెట్టె సర్దుకోండి."

"గంట తొందరపడుతోంది వింకా."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో."

"కాదు. ఇది మన గంట కాదు."

"మన అనకండి. ఆ గదిలో కూర్చున్నవాడెవడూ ఆల్చిప్పకి ఇన్నిసార్లు చావడు. నాన్నకి నేను చెప్పుకుంటాను. ఆయన వరండాలోనే ఉన్నారు, మీరు వెనక గుమ్మంలోంచి వెళ్ళండి."

అతను యంత్రాన్ని బల్ల మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. గెలిచాను కదా, సంతోషం రావాలి కదా. రాలేదు. నమ్మలేదు నమ్మలేదు అంటూనే ఏదో మూల వాడు అన్నయ్య అయితే బాగుండునని కోరుకున్నానని అప్పుడు తెలిసింది నాకు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

వెనక గుమ్మంలోంచి వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు గానీ, వచ్చింది మాత్రం గ్లెనిస్. తలుపు కొట్టే అలవాటు ఆమెకి లేదు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైంది, ఇప్పుడు ప్రతి గురువారం బౌలింగ్ క్లబ్బులో తన ఈడువాళ్ళని పోగేసి పాత ఆటలు ఆడిస్తుంది. సంచిలో ఎప్పుడూ మూడు బుల్లి యంత్రాలుంటాయి, కళ్ళజోడు మాత్రం ఉండదు.

"అయిందా పరీక్ష?"

"అయింది. తప్పాడు."

"ఎలా తప్పాడు?"

"ఎలా ఏంటే, చచ్చాడు."

"తొందరపడి చచ్చాడా, ఆలస్యమై చచ్చాడా?"

"ఆలస్యమై. ప్రతిసారీ."

గ్లెనిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. అతని వంక చూసింది, నా వంక చూసింది.

"వింకా, ముందు నువ్వు నన్ను తిట్టెయ్. తర్వాత చెబుతాను."

"నిన్ను తిట్టడానికి నాకు కారణం అక్కర్లేదు. చెప్పు."

"నువ్విచ్చిన మీ పాత ఆట బిళ్ళ, ఆ కార్ట్రిడ్జ్ ఉంది చూశావ్, ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టిపోయింది. ఎంత చేసినా లోపలున్నది రాలేదు. నువ్వేమో కాళ్ళ మీద నిప్పులు పోసుకున్నట్టు తిరుగుతున్నావ్. సరే ఆట ఒకటే కదా అని మా క్లబ్బు వాళ్ళందరి దగ్గరా ఉండే కాపీ వేసిచ్చాను. అది అమెరికా వాళ్ళది."

"అయితే ఏం?"

"నడక వేరు. ఆ రోజుల్లో మన టీవీలు సెకనుకి యాభై బొమ్మలు చూపించేవి, వాళ్ళవి అరవై. ఆటేమో బొమ్మల్ని లెక్కపెట్టుకుంటూ నడిచేది. అక్కడ ఆరడుగులు వేసేసరికి ఇక్కడ అయిదే పడేవి. పాట కూడా సాగి సాగి వచ్చేది. మన పిల్లలకి తెలీదు పాపం, ఆటంటేనే అంత అనుకున్నారు." గ్లెనిస్ ముక్కు తుడుచుకుంది. "మా గుంపులో మన దేశం కాపీ ఎవరూ ఉంచుకోరు. నత్తనడక అని తీసి పారేస్తాం. అదేదో గొప్పలాగా చెప్పుకుంటాం కూడా. అలవాటులో అలవాటు, నీకూ అదే వేశాను. నిన్న రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది."

నేను బల్ల మీది యంత్రం వైపు చూశాను.

"లింకన్ పిల్లాడి చేతికి అమెరికా గడియారం కట్టి, ఆలస్యంగా వచ్చావేంట్రా అని కొట్టావు," అంది. "ఠక్కున దాటేసి ఉంటే అప్పుడు అనుమానపడాలి నువ్వు. అసలు నువ్వు ఆడి చూశావా?"

"నేను ముట్టుకోను."

"ఎందుకని?"

పడవ దొరికిన రోజున ఆ రిమోట్‌ని నేనే దుప్పట్లో చుట్టి షెడ్డులో పడేశాను. మళ్ళీ ముట్టుకుంటే కుడివైపు చెయ్యి లేకుండా పట్టుకోవాలి. ఆ మాట గ్లెనిస్‌కి చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

అతను యంత్రం మీంచి తల ఎత్తాడు. ఇప్పుడు మెల్లిగా, "చెప్పానుగా, గంట తొందరపడుతోందని" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు సులువయ్యేది. మద్దెల నిజంగానే ఓడు, సామెత విసిరిన నేనే తలదించుకుని కూర్చున్నాను.

గ్లెనిస్ సంచిలోంచి గోరంత మెమరీ కార్డు తీసింది. "పొద్దున లేచి మీ కార్ట్రిడ్జ్‌ని వెనిగర్ పెట్టి, పెన్సిల్ రబ్బరు పెట్టి తోమీ తోమీ మొత్తానికి లోపలున్నది బయటికి లాగాను. ఇది మీ ఇంటి ఆటే. మీ షెడ్డులోదే." పాత కార్డు తీసి ఇది గుచ్చింది.

పాట మొదలైంది.

ఇది పాట. ఇందాక వచ్చింది కాదు. బరువుగా, నిద్రలో నడుస్తున్నట్టు, ఒక్కో గంటా కిందికి దిగి దిగి మోగుతూ. వెనక గది తివాచీ కళ్ళ ముందుకొచ్చింది, కిటికీలోంచి వచ్చే చేపల ఫ్యాక్టరీ వాసన, మా మోకాళ్ళు ఒకదానికొకటి తగలడం. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

అతను యంత్రం తీసుకున్నాడు. ఆల్చిప్ప నోరు తెరిచింది. ఒక గంట. రెండో గంటకి లోపలికి దూరాడు. కుడి బొటనవేలు ఒక్క క్షణం తడబడింది గానీ తన్నింది. ఈతగాడు పైకి తేలాడు, వాడి కాళ్ళ కింద ఆల్చిప్ప నోరు మూసుకుంది.

"చాలా," అంది గ్లెనిస్, "ఇంకేమైనా కావాలా నీకు?" అని సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దాటుతూ అతని భుజం తట్టింది. "ఇంటికి రావడానికి ఆలస్యమైనా ఫరవాలేదు బాబూ. ఈ ఊళ్ళో అన్నీ ఆలస్యమే."

ఆమె వెళ్ళాక వంటింట్లో పాట మోగుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"అన్నయ్యా," అన్నాను. ముప్పై రెండేళ్ళలో ఆ పిలుపు నా నోట్లోంచి రాలేదు, తుప్పు పట్టిన గొంతుతో వచ్చింది. "నువ్వేరా. నన్ను క్షమించు. పెట్టె సర్దుకోమన్నాను నిన్ను."

అతను తల వంచుకున్నాడు. "ఏడవకు వింకా."

"ఏడుస్తాను, నా ఇష్టం. రా, ఒక్కసారి ఆడదాం. అప్పట్లాగా, ఇద్దరం."

"ఇప్పుడెందుకులే. ఇంత చిన్నదాన్ని ఇద్దరం ఎలా పట్టుకుంటాం?"

"పట్టుకుంటాం. జరుగు."

కుర్చీ ఈడ్చుకుని అతని పక్కన చేరాను. అతను కాదనలేక యంత్రాన్ని మధ్యకి పట్టాడు. నేను ఎడమవైపు చెయ్యి చాపాను, మూడు దశాబ్దాల తర్వాత కూడా చెయ్యి దాని చోటికి అదే పోయింది. నా బొటనవేలు మెత్తగా దేని మీదో పడింది. అతని బొటనవేలి మీద. నాకంటే ముందే అది దిక్కుల మీద ఉంది.

"అది నాదిరా," అన్నాను నవ్వుతూ. "నీది అటు."

"అవునవును," అన్నాడు. నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేసి కుడివైపు పట్టుకున్నాడు.

ఆట మొదలైంది. నేను ఈదించాను. రెండో గంటకి లోపలికి దూరాను, వేళ్ళకి అన్నీ గుర్తున్నాయి. తన్ను రాలేదు. ఆల్చిప్ప నోరు మూసుకుంది.

"మళ్ళీ," అన్నాను.

మళ్ళీ రాలేదు. ఇప్పుడు గంటది తప్పు కాదు. నేను తెర వైపు చూడ్డం మానేసి అతని చేతుల వైపు చూశాను. కుడి చెయ్యి బటన్ మీద బిగుసుకుపోయి ఉంది. ఖాళీగా బల్ల మీద పెట్టిన ఎడమ చేతి బొటనవేలు మాత్రం కదులుతోంది. కుడికి, కిందికి, ఒక క్షణం ఆగి, పైకి. నేను కదపబోయే ముందు, నేను ఎలా కదపాలో అలాగే.

మా అన్నయ్యకి దిక్కులు రావు. ఎన్నిసార్లు నేర్పినా ఈతగాణ్ణి తీసుకెళ్ళి రాతికి కొట్టేవాడు. "అది నీ పని, నాకు తన్నడమే వచ్చు" అని నవ్వేవాడు. ఆ తివాచీ మీద ఎడమవైపు కూర్చున్నది ఈ లోకంలో ఇద్దరే. ఒకరు నేను.

యంత్రం వదిలేశాను. పక్కింటి పిల్లాణ్ణి అన్నానికి పిలిచినట్టు పిలిచాను.

"స్టీపే."

"ఊఁ," అన్నాడు.

అన్నాక తెలిసింది అతనికి. నా వంక చూశాడు. ఆ కళ్ళలోని నిలవ వాసన ఏమిటో అప్పుడు అర్థమైంది నాకు. భయం, అంతే. పట్టుబడతానని అయిదు వారాలుగా పడుతున్న భయం. అన్నయ్య మళ్ళీ పోయాడు. నిమిషం కిందట దొరికి, ఇప్పుడు ఈ వంటింట్లోనే పోయాడు. ఆదివారం రేవులో అన్నయ్య పేరు చదవరు, బతికున్న వీడి పేరు చదువుతారు, వీడు అది వింటూ గంట తాడు పట్టుకుని నిలబడతాడు.

"వాడెక్కడ?" అన్నాను. "మా వాడు ఏమయ్యాడు?"

"చెబుతాను. అన్నీ చెబుతాను. కానీ మీ నాన్నకి..." ఆగిపోయాడు. అయిదు వారాల్లో మొదటిసారి 'మీ నాన్న' అన్నాడు. "ఆయనకి మాత్రం ఆదివారం దాకా చెప్పకు వింకా. మా అమ్మ మీద ఒట్టు, ఆ తర్వాత నేనే పోతాను. ఆయన తట్టుకోలేడు."

వరండాలో కర్ర చప్పుడైంది. వంటింటి కిటికీ పొద్దున్నుంచీ బార్లా తెరిచే ఉంది, దాని కిందే నాన్న కుర్చీ. ఆ సంగతి మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

నాన్న గుమ్మంలోకి వచ్చాడు. బల్ల దగ్గరికి నడిచి, అతని ముందున్న పళ్ళెంలోంచి ఉప్పు సార్డైన్లని ఒక్కొక్కటే తీసి తన రొట్టె మీద పెట్టుకున్నాడు. అయిదు వారాలుగా ప్రతి పూటా చేస్తున్న పనే అది. నేను ముసలివాడి జిహ్వచాపల్యం అనుకున్నాను. పళ్ళెం ఖాళీ చేసి, యంత్రంలో ఇంకా మోగుతున్న పాటని కాసేపు విన్నాడు.

"వీడికి ఇవి పెట్టకని నీకు ఎలా చెప్పాలో తెలీక, రోజూ నేనే తింటున్నానే," అన్నాడు నాతో. "టోన్చికి ప్రాణం ఇవంటే. స్టీపేకి చిన్నప్పట్నుంచీ పడవు."